పడవ కింది గొంగడి

తాండూరు బండల అడ్డాలో హన్మయ్య చెవికి పేరుంది. బండను బండికెత్తే ముందు వేళ్ల గణుపులతో నాలుగు చోట్ల కొడతాడు. ఖంగుమంటే గట్టి రాయి. బొద్దుమంటే లోపల కంటికి కనబడని పగులుందని పక్కకు నెట్టేస్తాడు. రాయిని పెళ్లిచూపులు చూసినట్టు చూస్తాడని తోటి బండ్లవాళ్లు నవ్వేవాళ్లు. కానీ అతని బండి మీద ఎక్కిన బండ పరిగి పోయినా, వికారాబాద్ పోయినా దారిలో విరిగిందన్న మాట పదేళ్లలో ఎవరూ అనలేదు.

పుట్టుకతో అతను రాళ్ల మనిషి కాదు. కురుమ. కోట్‌పల్లి దాటి పోతే వాగు ఒడ్డున మేకలబండ అని పాతిక ఇళ్ల గూడెం ఉండేది. అక్కడ గొర్లు కాసుకుంటూ, ఎకరం చెల్కలో కందులు, జొన్నలు వేసుకుంటూ బతికాడు. నలభై ఎనిమిదిలో పోలీసు యాక్షన్ అయిన నెలలో, తాండూరు నుంచి ప్రాణం చేతపట్టుకొని పారిపోయి వచ్చిన కరీముద్దీన్ అనే వడ్రంగి అతని మందలో కలిశాడు. అప్పటికి హన్మయ్యకు పెళ్లయి ఏడాది కాలేదు. కొత్త పెళ్లాం బీరమ్మ ఏమీ అడగలేదు. ఇంట్లో ఉన్న ఒక్క గొంగడినీ తెచ్చి ఆ మనిషి నెత్తిన కప్పింది, చేతికి గొర్ల కట్టె ఇచ్చింది. నాలుగు రోజులు కరీముద్దీన్ గొర్ల నడుమ కురుమవాడై నడిచాడు. ఎవరు ఎవరిని చంపారో, ఎందుకు చంపారో పెద్దవాళ్లు రాసుకున్న లెక్కలు వేరే ఉన్నాయి. ఆ గొంగడి సంగతి మాత్రం ఏ లెక్కలోనూ లేదు.

తర్వాత గొర్లకు రోగం తగిలింది. మంద సగమయ్యాక మొగుడూ పెళ్లాలు ఎండకాలం తాండూరు వచ్చి బండల పనిలో చేరారు. అతను బండి కట్టాడు. ఆమె నాపరాళ్ల అంచులు చెక్కే కాడ, అరగదీసే కాడ కూచుంది. రోజంతా తెల్లటి పొడి. తల నెరిసినట్టు, కనురెప్పలు నెరిసినట్టు కనబడేది, ఇంటికొచ్చి కడుక్కుంటే మళ్లీ పడుచయ్యేది. అలా నాలుగు ఎండకాలాలు. ఐదో ఏడు దగ్గు పట్టుకుంది. నోటికి కట్టుకోను గుడ్డ ముక్క ఇవ్వాలని ఆ పని చేయించుకున్న ఒక్క ఆసామికీ తోచలేదు. బండ నునుపు తేలితే చాలు, చెక్కిన దాని రొమ్ము గరుకు తేలితే వాళ్లకేం.

వికారాబాద్ గుట్టమీది దవాఖానలో ఎనిమిది నెలలుంది బీరమ్మ. హన్మయ్య పదిహేను రోజులకొకసారి రైలు దిగి గుట్టెక్కేవాడు. పోయినప్పుడల్లా ఉన్ని అడిగేది. వరండాలో మంచం మీద కూచుని కదురు తిప్పేది.

"పండుకోరాదే. ఊపిరాడ్త లేదు నీకు."

"ఊపిరాడకుంటేంది, చెయ్యాడుతున్నది గద. నాకేం తోచాలె గీడ. గీ దారం నేయించుకో. సలికాలం నేనున్నా లేకున్నా నీకో గొంగడుంటది."

దారం అయింది, గొంగడి అయింది. వాళ్ల గూడెంలో గొంగడిని నాలుగు పట్టీలుగా నేసి కలిపి కుట్టేవాళ్లు. ఆ కుట్టు బీరమ్మే కుట్టింది, ఇంటికొచ్చినాక, గోడకానుకొని. కుట్టు ముగిసిన నెలకు పోయింది. అరవై రెండు మాఘమాసం. తన చెల్క గట్టు మీదనే పెట్టమంది. అట్లాగే పెట్టాడు. తాండూరు అడ్డాలో నూరు బండలు కొట్టి చూసి, ఖంగుమన్న వాటిలో మేలైనదాన్ని ఏరి, తన బండి మీదే తెచ్చి ఆమె మీద పరిచాడు.

ఆ మరుసటేడే వాగుకు కట్ట మొదలైంది. ప్రాజెక్టు వస్తుంది, ఊరు ఖాళీ చెయ్యమన్నారు. జనం తలా ఒక దిక్కు చెదిరిపోయారు. హన్మయ్య తాలూకా కచేరీకి పోయి ఒక్కటే అడిగాడు, నీళ్లు ఏ తారీఖున వస్తాయని. సమాధిని తీసి వేరేచోట పెట్టుకుందామని. కుర్చీలోని మనిషి కాగితాల నుంచి తలెత్తకుండా, "చచ్చినోళ్లకు పరిహారం ఏ రూల్లో లేదు, పో" అన్నాడు. హన్మయ్య పరిహారం అడగలేదు. తారీఖు అడిగాడు. అది చెప్పే రూలు కూడా లేనట్టుంది. ఒక వానాకాలం అతను బండల ఖేపు తోలుకొని పోయి వారం రోజులు పరిగిలో ఉండి వచ్చేసరికి చెల్క లేదు, గట్టు లేదు, నీళ్లున్నాయి.

కడుపులో పుట్టెడు దుఃఖమున్నా మనిషి పని చేసుకుంటాడు. హన్మయ్య చేసుకున్నాడు. అతనికి ఓర్వలేనిది పెత్తరమాస ఒక్కటే. ఆ అమాసనాడు పోయినవాళ్ల వంతు అన్నం తీసి వాళ్ల రాతి మీద పెట్టాలి. నీళ్లొచ్చిన కాడి నుంచి అతను ప్రాజెక్టు ఒడ్డున పెడుతున్నాడు. కాకి తింటుంది. కానీ పెట్టిన ప్రతిసారీ మనసు ఒకటే అంటుంది, మీ ఇల్లనుకొని పొరుగింటి గడపలో పెట్టి వస్తున్నావురా అని.

*

అరవై ఏడు భాద్రపదంలో తాండూరు స్టేషన్లో ఒక గూడ్సు డబ్బా నుంచి పడవ దిగింది. ఊరు ఊరంతా చూడను పోయింది. తాండూరులో పడవ చూసినవాళ్లెవరు.

తెప్పించింది ప్రాజెక్టు ఓవర్సీరు శంకరప్ప. వికారాబాద్ ఆఫీసు మనిషి, ముప్పై ఏళ్లుంటాయి, మర్యాద తెలిసినవాడు. పడవను జీపు వెనక లాగను ఒక ట్రాలీ కావాలంటే, గొడవలు చల్లారాక తిరిగొచ్చి స్టేషన్ పక్క కరీముద్దీన్ పెట్టుకున్న కార్ఖానాలో పాత లారీ ఇరుసు మీద ఇనుప చట్రం బిగించి తయారు చేయించాడు. ఇప్పుడు పడవ వచ్చింది. ట్రాలీ ఉంది. ఇనుము మీద చెక్క పడవను ఊరికే పెట్టలేరు.

కరీముద్దీన్ పడవ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. గడ్డం నెరిసింది కానీ నోరు నెరవలేదు.

"ఏంది సారూ, రెండు పడవలకు పెండ్లి చేసిన్రా?"

రెండు సన్నని పొడుగాటి పొట్టలు, నడుమ మంచంలాంటి పలక. ఒక్కో పొట్ట పదహారు అడుగులు.

"ఒంటి పడవ ఊగుతది కరీం భాయ్" అన్నాడు శంకరప్ప. "నీళ్ల లోతు కొలవాలె, తాడు దించాలె. గిది ఊగదు. కానీ పొట్ట మస్తు పల్చన. కింద ఆనుడు సక్కగ లేకుంటే ఊరు దాటక ముందే పగుల్తది. మా ఆఫీసు పెద్దసారు పెత్తరమాస నాడు వస్తున్నడు, ఆలోపల నీళ్లల్ల ఉండాలె."

"జోడెద్దుల లెక్కున్నది" అన్నాడు కరీముద్దీన్. "నడుమ కాడి గూడ వెట్టిన్రు. గిది మా హన్మన్న పని. పగిలేటిది పగలకుంట తెచ్చుడు గాయన లెక్క ఎవ్వనికి రాదు."

హన్మయ్య వచ్చాడు. పడవను చూడలేదు మొదట. ఓవర్సీరును చూశాడు.

"సారూ, గిది మేకలబండ మీదికి గూడ పోతదా?"

"నీళ్లున్న కాడికల్లా పోతది. ఏం?"

హన్మయ్య చెప్పాడు. పెద్దగా ఏం చెప్పలేదు. గట్టు, బండ, పెత్తరమాస, మూడు ముక్కలు. శంకరప్ప ట్రాలీ చక్రాన్ని కాలితో తట్టాడు.

"పడవ మీద గీత పడకుంట చేర్చు. మొదటి ఖేపు నిన్నే ఎక్కిస్త."

హన్మయ్య ఆ రోజు అన్నం తిన్నాడో లేదో కరీముద్దీన్‌కు తెలియదు. మర్నాడు పొద్దున్నే పని ముట్లతో వచ్చి నిలబడ్డాడు. బండలను ఎట్లా తెస్తాడో పడవనూ అట్లాగే తేవాలనుకున్నాడు. అతనికి తెలిసిన విద్య అదే. పొట్ట పొడుగునా గణుపులతో కొట్టుకుంటూ పోయాడు. కొన్ని చోట్ల డంగుమని మోగింది, కొన్ని చోట్ల టక్కుమని మూగగా పలికింది. మూగగా పలికిన చోట ఏదో లోపముందనుకున్నాడు. బాగా మోగిన చోట్లు ఏరి, పొట్టకు రెండు చొప్పున బొగ్గుతో గుర్తులు పెట్టి, సరిగ్గా వాటి కిందికి తుమ్మ దిమ్మెలు వచ్చేట్టు బిగించాడు. దిమ్మెల మీద బండల అడ్డా నుంచి తెచ్చిన గోనె సంచులు నాలుగేసి మడతలు వేశాడు. పైనుంచి తాళ్లు వేసి, బండను బిగించినట్టే, కదలకుండా, పళ్లు బిగబట్టి బిగించాడు. ఎనిమిది మంది ఎత్తిన పడవ ట్రాలీ మీద రాతి గుడిలా కూచుంది.

"శెభాష్" అన్నాడు కరీముద్దీన్. "గిప్పుడు భూకంపమొచ్చినా కదల్ది."

రైల్వే గేటు దగ్గర జీపు పట్టాలు దాటింది. ట్రాలీ ఎగిరి పడింది. చిన్న చప్పుడు, ఎండిన కంది పుల్ల విరిగినట్టు. వెనక నడిచి వస్తున్న హన్మయ్యకు ఒక్కడికే వినబడింది. ఆ చప్పుడు అర్థం చేసుకోను అతనికి గణుపులతో కొట్టాల్సిన పని లేకపోయింది.

ఎడమ పొట్ట కింద జానెడు పగులు.

శంకరప్ప కోప్పడలేదు. జీపు బానెట్ మీద చెయ్యి పెట్టుకొని నిలబడ్డాడు. "నా నౌకరీ పాయె హన్మయ్యా" అన్నాడు. "హైదరాబాద్ నుంచి ఎవలనన్న పిలిపిస్త. ఇంక నువ్వు ముట్టకు."

"పెత్తరమాసకు సారూ?"

"పెత్తరమాస లేదు, ఏం లేదు."

నాలుగు రోజులుంది అమాసకు.

*

పడవను మళ్లీ కార్ఖానాకు తెచ్చి నేల మీద ఇసుక పోసి దించారు. జనం పోయారు. శంకరప్ప హైదరాబాద్‌కు టెలిగ్రాం ఇయ్యను స్టేషన్‌కు పోయాడు. హన్మయ్య పడవ పక్కన గొంతుక్కూచుని పగులు మీద వేలు పెట్టాడు. పదేళ్ల పేరు జానెడు పగుల్లో పోయిందని కాదు అతని బాధ. మూడేళ్లుగా ఒడ్డున నిలబడి చూసిన నీళ్ల మీదికి తోవ ఒకటి తెరుచుకుంది, దాన్ని తన చేతులతోనే పగలగొట్టుకున్నాడు.

"మస్తు మోగిన కాడనే వెట్టిన కరీం భాయ్. గట్టిగున్న కాడనే వెట్టిన."

కరీముద్దీన్ వడ్రంగి. అతను పగులు వైపు కాదు, పడవ పైభాగాన ఉన్న గుండ్రటి చెక్క మూత వైపు చూస్తున్నాడు. మూత తిప్పి తీశాడు. లోపల చీకటి. "చెయ్యి పెట్టు అన్నా. నీ చెయ్యి పొడుగు. నేను బయటికెల్లి కొడ్త, లోపల ఏమున్నదో నువ్వు చెప్పు."

హన్మయ్య భుజం దాకా చెయ్యి దూర్చాడు. కరీముద్దీన్ బయట కొట్టాడు. డంగ్.

"ఏమున్నది?"

"ఏం లేదు. ఉత్త గాలి."

ఇంకొంచెం పక్కన కొట్టాడు. టక్.

హన్మయ్య చెయ్యి ఆగిపోయింది. అక్కడ అడ్డంగా ఒక పలక ఉంది, పక్కటెముకలా, పొట్టను ఈ దరి నుంచి ఆ దరి దాకా పట్టుకొని. మళ్లీ రెండడుగుల దూరాన మూగ చప్పుడు, మళ్లీ పలక. మోగిన చోటల్లా ఖాళీ.

రాయి లోపల నిండు. అందుకే గట్టి రాయి మోగుతుంది. పడవ లోపల ఉత్తది. ఉత్త చోటే మోగుతుంది, బరువు మోసే చోట మూగగా ఉంటుంది. జీవితమంతా రాళ్ల మాట విన్న చెవి పడవ మాటను తలకిందులుగా విన్నది.

"అంటే మన లీడర్ల లెక్కన్నమాట" అన్నాడు కరీముద్దీన్. "మోత మోగెటోడు మొయ్యడు."

హన్మయ్య నవ్వలేదు కానీ లేచాడు. గోనె సంచులు ఎక్కడ ఆనాయో ఆ చోట పొట్టను అరచేత్తో తడిమాడు. నునుపు పోయింది. వార్నిష్ మీద సన్నని తెల్ల గీతలు, వందలు. కాసింత దూరం లాగితేనే ఇట్లా. సంచిని దులిపాడు. ఎండలో తెల్లటి పొడి లేచింది.

ఆ పొడిని అతను ఎరుగును. బీరమ్మ రెప్పల మీద చూశాడు. గుట్టమీది దవాఖానలో గాజు సీసాలో ఆమె ఉమ్మిన దాంట్లో ఉందని డాక్టరు చెప్పాడు. గోనె మెత్తనిదే, దాని పోగుల్లో దాక్కున్న రాయి మెత్తనిది కాదు. పల్చటి గోడ మీద అది రోజంతా గీరుతూ కూచుంటే, అది పడవదైనా ఒకటే, మనిషిదైనా ఒకటే.

సాయంత్రం శంకరప్ప వచ్చేసరికి కరీముద్దీన్ పగులుకు లోపలి నుంచి పల్చటి చెక్క ముక్క అతికి, రాగి మేకులు కొట్టి, పైన గుడ్డ పరిచి నూనెలో కాచిన గుగ్గిలం పూస్తున్నాడు. హన్మయ్య ఓవర్సీరు చెయ్యి పట్టుకొని పొట్ట దగ్గరికి తీసుకుపోయి తానే కొట్టి వినిపించాడు. డంగ్. టక్. డంగ్. టక్.

"గీ టక్కన్న కాడ ఆనాలె సారూ. నేను తప్పు విన్న. తప్పు నాదే. ఒక్కపాలి మల్ల జేయనియ్యి."

"మల్ల పగిల్తే?"

"పగిల్తే నన్ను గా నీళ్లల్లనే ఇడిసిపెట్టి రా."

శంకరప్ప టెలిగ్రాం ఇచ్చేశాడు. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లు వారం దాకా రాలేమన్నారు. ఇది హన్మయ్య మీద నమ్మకమో, వేరే గతి లేకపోవడమో, ఇప్పుడు చెప్పలేం. సరే అన్నాడు.

*

ఈసారి తుమ్మ వద్దన్నాడు హన్మయ్య. వేప తెచ్చారు. కరీముద్దీన్ మెత్తటి సీసం కడ్డీని పొట్ట వంపుకు అదిమి, ఆ వంపును చెక్క మీద గీసి, బాడిసెతో చెక్కాడు. జానెడు వెడల్పు ఆనుడు చెక్కలు నాలుగు, పడవ పొట్ట వాటిలో బిడ్డ తొట్టెలో పడుకున్నట్టు కూచునేట్టు. ఒక్కో చెక్కా సరిగ్గా లోపలి అడ్డపలక కిందికి వచ్చేట్టు చట్రం మీద గుర్తు పెట్టారు. పడవను కట్టడానికి తాళ్లు వద్దు, వెడల్పు నవారు పట్టీలు చాలన్నాడు హన్మయ్య. బండ కదిలితే విరుగుతుంది, పడవను కదలనీయకపోతే విరుగుతుంది. ఈ తేడా రైల్వే గేటు అతనికి నేర్పింది.

మిగిలింది చెక్క మీద పరిచే మెత్త. తాండూరులో రాతిపొడి లేని గోనె, దుప్పటి, గడ్డి ఎక్కడుంది. గాలిలోనే ఉంది అది. పైగా పడవ దింపినప్పుడల్లా ఆ మెత్త నీళ్లలో నానాలి, ఎండాలి, కుళ్లకూడదు.

మర్నాడు హన్మయ్య గొంగడి తెచ్చి కార్ఖానాలో పరిచాడు.

కరీముద్దీన్ బాడిసె కింద పెట్టేశాడు. "నహీ. గిది నేను ముట్ట."

"నువ్వేం ముట్టకు. నేను ఇప్పుకుంట."

"నీకు సలికాలం ఏమున్నది ఇంట్ల? గామె కుట్టింది గది."

"కుట్టు ఇప్పుతున్న గని కోస్తలేను. నాలుగు పట్టీలు, నాలుగు చెక్కలు. ఉన్ని వానకు తడుస్తది, ఎండకు ఆరుతది, కుళ్లది. నీకెరికె గద, నాలుగు రోజులు వానల నడిచినవు."

కరీముద్దీన్ ముఖం తిప్పుకున్నాడు. "మీ ఇంటి గొంగడి మీద నా పానమున్నది అన్నా. గందుకే చెప్తున్న."

"గందుకే తెచ్చిన" అన్నాడు హన్మయ్య. "పానం కాపాడుడు దానికి తెలుసు."

కుట్టు విప్పడం పొద్దంతా పట్టింది. కొన ఎక్కడుందో దొరకలేదు ముందు. బీరమ్మ కొన దాచి కుట్టేది, విప్పాలన్నవాడికి దొరక్కుండా. దొరికాక ఒక్కో పోగూ తెంపకుండా లాగి ఒక పుల్లకు చుట్టాడు. కొన్ని కుట్లు బిగువుగా ఉన్నాయి, కొన్ని వదులు. వదులు కుట్లు ఏ రోజుల్లో పడ్డాయో అతనికి తెలుసు. అక్కడ చెయ్యి నెమ్మదించింది. పుల్లకు చుట్టిన దారం ఉండ నిమ్మకాయంత అయింది.

పట్టీలను కాగ్నా నదికి తీసుకుపోయి కుంకుడు రసంలో మూడుసార్లు ఉతికాడు. మొదటి నీళ్లు పాలలా వచ్చాయి. రెండో నీళ్లు మజ్జిగ తేటలా. మూడోసారి నీళ్లు నీళ్లలాగే వచ్చేదాకా వదల్లేదు. ఆరేసిన పట్టీలను చెంపకు రుద్ది చూసుకున్నాడు, గరుకు ఎక్కడైనా ఉందేమోనని. గొర్రె వాసన వచ్చింది, ఎండ వాసన వచ్చింది. అతనికి కావలసిన వాసన అన్ని నీళ్లలో పోయిందో, లేక ఎన్నడో పోయిందో, కాసేపు అట్లాగే మొహాన పెట్టుకొని కూచున్నాడు.

*

పెత్తరమాస నాడు పొద్దున శంకరప్ప, కరీముద్దీన్, హన్మయ్యలతో జీపు బయల్దేరింది. రైల్వే గేటు దగ్గర హన్మయ్య దిగి, పట్టాల మీద ట్రాలీ పక్కనే చెవి పెట్టి నడిచాడు. ఏ చప్పుడూ లేదు. కోట్‌పల్లి దాటాక కంకర దారి. గుంతల్లో ట్రాలీ ఊగినప్పుడల్లా పడవ నవారు పట్టీల్లో కాస్త ఒరిగి మళ్లీ ఉన్ని మీదికి సర్దుకుంది. హన్మయ్య ఒళ్లో మూట ఉంది. జొన్న రొట్టె, గుమ్మడికాయ కూర, బెల్లం ముక్క. జేబులో దారం ఉండ.

ప్రాజెక్టు ఒడ్డున కూలీలు ట్రాలీని వెనక్కి నీళ్లలోకి నెట్టారు. పడవ ఉన్ని మీద నుంచి లేచి తేలింది. గీత లేదు. శంకరప్ప హన్మయ్య భుజం తట్టి, "ఎక్కు" అన్నాడు.

అప్పుడే పెద్దసారు కారు వచ్చింది. భార్య, బావమరిది, ఇంకో ఇద్దరు. శంకరప్ప చేతిలోని తెడ్డు ఆగిపోయింది. మొదటి ఖేపు పెద్దసారు, భార్య. రెండోది బావమరిది. మూడోసారి ఫోటో కోసం మళ్లీ అందరూ. నీళ్ల మీద నుంచి నవ్వులు వినబడుతున్నాయి. హన్మయ్య మూట ముందు పెట్టుకొని ఒడ్డున కూచున్నాడు. శంకరప్ప అతని వైపు చూడలేకపోయాడు. నౌకరీ ఉన్నవాళ్ల మర్యాద అంతదాకానే పోతుంది.

పొద్దు వాలింది. పడమర మబ్బు పట్టింది. పెద్దసారు గొడుగు తీయించి, "వానొచ్చేట్టుంది. పడవ ఎక్కించండి, పోదాం" అన్నాడు.

హన్మయ్య లేవలేదు.

"ఏయ్, నిన్నే. లేచి పట్టు."

"పట్టుకుంట సారూ. ముందుగాల నన్ను మా ఊరికి తీస్కపోండ్రి."

"ఏ ఊరు?"

"గీ నీళ్ల కింద ఉన్నది."

పెద్దసారు శంకరప్పను చూశాడు. "ఎవరయ్యా వీడు? మిగతావాళ్లు ఎత్తలేరా?"

"ఎత్తుతరు సారూ" అన్నాడు శంకరప్ప. తెడ్డు పక్కన పెట్టాడు. "కానీ ఆనుడు ఎక్కడ పడాలెనో గాయనకే తెలుసు. తప్పు కాడ పడితే పొట్ట పగుల్తది. ఒకపాలి పగిలింది."

"ఇంకోపాలి గూడ పగుల్తది" అన్నాడు కరీముద్దీన్, ఎవరూ అడగకుండానే.

పడవ ఎత్తను వచ్చిన కూలీల్లో బీరప్ప అనే ముసలాయన తలపాగా తీసి నేల మీద వేసి దాని మీద కూచున్నాడు. "నేను గూడ ఎత్తను సారూ. మాది గూడ మేకలబండనే." ఇంకో ఇద్దరు కూచున్నారు. కేకలు లేవు, కోపాలు లేవు. చెమట ఆరబెట్టుకునేవాళ్లలా కూచున్నారంతే. పెద్దసారు మబ్బును చూశాడు, పడవను చూశాడు, కూచున్న మనుషులను చూశాడు. ఏ ఫైల్లోనూ లేని ఊరు ఒకటి తన ముందు గొంతుక్కూచుని ఉంది.

"పది నిమిషాలు" అన్నాడు.

బీరప్ప ఒక తెడ్డు, శంకరప్ప ఒక తెడ్డు పట్టారు. హన్మయ్య నడుమ పలక మీద కూచున్నాడు. దూరాన, ఊరికి పేరిచ్చిన మేకలబండ రాయి నెత్తి ఒక్కటే నీళ్ల పైన ఉంది. ఇవతల మూడు ఈత మోడులు.

"రాయికి, నడుమ మోడుకు సూటి పట్టు బీరప్పా. గట్లనే. జర ఎడమకు. ఎద్దును మలిపినట్టు మలుపు. గీడ మా చెల్క మూల."

"గా మూల నీది గాదు, మాది" అన్నాడు బీరప్ప. "గట్టు జరిపిండు మీ అయ్య."

"సరే తీయి. గిప్పుడు దున్నుకో."

ఇద్దరూ నవ్వారు. నవ్వు నీళ్ల మీద ఎక్కువసేపు నిలవలేదు.

శంకరప్ప సీసం గుండు కట్టిన తాడు అతని చేతికిచ్చాడు. హన్మయ్య దించాడు. బురద. మెత్తగా దిగి కూరుకుంది. రెండు బారలు జరిగి మళ్లీ దించాడు. బురద. చినుకు మొదలైంది. ఒడ్డు నుంచి కారు హారను వినిపించింది. ఇంకొక బార ముందుకు.

గుండు ఆగింది. హన్మయ్య తాడు జానెడు లేపి వదిలాడు. మళ్లీ లేపి వదిలాడు. అరచేతిలో చిన్న దెబ్బ తెలిసింది, గట్టిది. ఖంగుమన్నదో, బొద్దుమన్నదో, చప్పుడును నీళ్లు మింగాయి.

శంకరప్ప కొలతల పుస్తకం తెరిచాడు. "పదిహేడు అడుగులు. అడుగున బండ." కలం ఆగింది. "గుర్తు రాయాలె గీడ. ఏమని రాయాలె?"

"మేకలబండ, బీరమ్మ."

ఓవర్సీరు తడి కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టి రాశాడు. అది నిజంగా ఆ బండేనా, వేరే రాయా, ఎవరూ అడగలేదు. హన్మయ్య మూట విప్పి రొట్టె తుంచి కూర పెట్టి నీళ్ల మీద వదిలాడు. రొట్టె కాసేపు తేలి, నాని, దిగిపోయింది. బెల్లం వెంటనే దిగింది. దారం ఉండ కూడా ఇద్దామనుకొని వచ్చాడు. చేతిలోకి తీసుకున్నాడు, చాలాసేపు పట్టుకున్నాడు, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

ఒడ్డున అతను రొమ్ములోతు నీళ్లలో దిగి, గణుపులతో కొట్టుకుంటూ, మూగగా పలికిన చోటే ఒక్కో చెక్క మీదికి వచ్చేట్టు చేర్చి పడవను కూచోబెట్టాడు. ట్రాలీ పైకి వచ్చింది. కారు పోయింది. వానలో జీపు దగ్గర కరీముద్దీన్, హన్మయ్య మిగిలారు.

"పట్టీలు మల్ల కుట్టుకుంటవా అన్నా?"

"దారమున్నది."

"పడవ ఎప్పుడు దిగుతది వాటి మీదికెల్లి? సర్కారు సామాను గద గిప్పుడు."

హన్మయ్య ట్రాలీ దగ్గరికి నడిచాడు. పడవ బరువుకు ఉన్ని నుంచి నీళ్లు పిండుకొని, వేప చెక్క అంచు మీదుగా బొట్టు బొట్టుగా కారుతున్నాయి. చుట్టూ అంత వాన కురుస్తున్నా, అతను వంగి ఆ బొట్ల కిందే దోసిలి పట్టాడు.